వెనక నిలబడ్డవాళ్ళ ముఖాలు

కళ్ళజోళ్ళ షాపులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసిన ఆయన్ని అందరూ షెరీఫ్‌గారు అనేవాళ్ళు. తుపాకి సంగతి అటుంచండి, ఆయన ఏనాడూ గట్టిగా తలుపు వేసిన మనిషి కూడా కాదు. పాత హాలీవుడ్ కౌబాయ్ సినిమాలంటే ప్రాణం పెట్టేవాడు కాబట్టి, వాటిలో తుపాకి పట్టుకుని ఊరు కాసే అధికారి పేరు ఈయనకి వచ్చింది.

అయితే అందరిలా హీరో కోసం చూసేవాడు కాదు. "హీరోకేమిటయ్యా, వాణ్ణి గుర్తుపట్టడానికి మనం దేనికి? పోస్టరే చెప్తుంది" అనేవాడు. ఆయన చూపంతా వెనక నిలబడ్డవాళ్ళ మీదే. సారా కొట్లో గ్లాసులు తుడిచేవాడు, తంతి ఆఫీసు గుమాస్తా, చచ్చినవాడి పొడుగు టేపు పెట్టి కొలిచే శవపేటికల వడ్రంగి, జైలు అరుగు మీద కుర్చీ వెనక్కి వాల్చి కూర్చునే ముసలాడు. ఒక సినిమాలో మంగలిగా కనిపించిన మనిషి ఇంకో సినిమాలో జడ్జి అయ్యి కూర్చుంటే, చుట్టం ఇంటికొచ్చినంత సంబరపడిపోయేవాడు.

ఈ పిచ్చి మేనమామ నుంచి అంటుకుంది. ఆ మేనమామ ఒక నాటకాల కంపెనీలో ఇరవై ఏళ్ళు బల్లెం పట్టుకుని రాజుగారి వెనక నిలబడ్డాడు. ఒక్క మాటైనా లేని వేషం. ఈయన చిన్నప్పుడు మ్యాట్నీకి తీసుకెళ్ళినప్పుడల్లా చెవిలో చెప్పేవాడు: "ముందున్నవాణ్ణి ఊరంతా చూస్తుందిరా. వెనకున్నవాణ్ణి నువ్వన్నా చూడు." మేనమామ పోయాక ఆ మాట ఈయనలో ఒక బాధ్యతలా మిగిలిపోయింది.

పేర్లు తెరమీద పడని మనుషులకి ఈయనే పేర్లు పెట్టుకున్నాడు. ఏ కాల్పుల్లోనైనా మూడో గుండుకే కూలిపోయేవాడు మూడోగుండు. ఎప్పుడూ ఏడుపు ముఖంతో బండి తోలేవాడు దిగులయ్య. అందరిలోకీ ఇష్టమైనవాడు కొంగమెడ. బక్కపలచని మనిషి, పొడుగు మెడ, గొంతులో ముడి పైకీ కిందికీ ఆడుతుంటుంది. కాల్పులు మొదలవబోతుండగా అందరికంటే ముందు బల్ల కిందికి దూరేది ఆయనే. రూళ్ళ నోటుపుస్తకాల్లో, ఏ సినిమాలో ఎన్నో నిమిషంలో ఏం చేస్తూ కనిపించాడో రాసుకుంటూ, షెరీఫ్‌గారు ఆయన్ని ముప్ఫై ఏడు సినిమాల్లో పట్టుకున్నాడు.

ఆ కన్నే షాపులో అన్నం పెట్టింది. మనిషి గుమ్మంలో అడుగు పెట్టేలోపే ముక్కు దూలం ఎంత ఎత్తో, ఏ చెవి కిందికి ఉందో చూసేసేవాడు. ఏళ్ళ తరవాత వచ్చినవాళ్ళని కూడా, "గోధుమరంగు ఫ్రేము మీదే కదండీ, ఎడమ కాడ వదులైందా?" అని పలకరించేవాడు. వాళ్ళు ఆశ్చర్యపోయి ఇంకో నలుగుర్ని తీసుకొచ్చేవాళ్ళు.

ఒకరోజు పొద్దున్న ఒక టీచరమ్మ కళ్ళజోడు కాడ వేడిచేసి వంచుతుండగా ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు జారిపోయింది. వంగి తీసుకోబోయి, అక్కడే స్టూలు పక్కన కూలబడ్డాడు.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఒకావిడ దుప్పటి సర్దుతోంది. "నర్సమ్మా, మా ఆవిడ వచ్చిందా?" అని అడిగాడు.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "అదేంటండీ, నేనే కదా!"

గొంతు భార్యది. ముఖం మాత్రం ఎవరిదో.

డాక్టరు ఫొటోలు చూపించాడు, వేళ్ళు లెక్కపెట్టించాడు, చివరికి భార్యనీ కూతుర్నీ బయటికి పిలిచి చెప్పాడు. "చూపు బాగానే ఉంది. కన్ను, ముక్కు, నోరు అన్నీ కనిపిస్తాయి. అవన్నీ కలిస్తే ఎవరన్నది మాత్రం తట్టదు. మెదడులో ఆ పని చేసే చోటే దెబ్బతింది."

"తగ్గుతుందా అండీ?"

"కొందరికి కొంత తగ్గుతుంది. ఆశ పెట్టుకోమనీ చెప్పలేను, వద్దనీ చెప్పలేను."

పక్షవాతంతో పడిపోయిన కాలూ చెయ్యీ రెండు నెలలకి స్వాధీనంలోకి వచ్చాయి. షాపుకి మళ్ళీ వెళ్ళాడు. మూడో రోజున ఓనరు మాట్లాడకుండా లోపలికి వస్తే, "రండి సార్, కూర్చోండి. పవరు చూపించుకున్నారా?" అన్నాడు. పరాచికం అనుకుని ఓనరు పడీపడీ నవ్వాడు. ఈయన ముఖం చూశాక ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఆ వారంలోనే ఒకరికి ఇవ్వాల్సిన కళ్ళజోడు ఇంకొకరికి ఇచ్చాడు. ఆ పెద్దావిడ అది పెట్టుకుని వెళ్ళి, మెట్టు ఉందనుకోని చోట మెట్టు తగిలి పడింది. మడమ బెణికింది.

ఓనరు కోప్పడలేదు. "షెరీఫ్‌గారూ, కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి" అన్నాడు. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో ఆయనా చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఎప్పట్లాగే గడియారాలు రిపేరు చేసే స్నేహితుడు వచ్చాడు. ఇద్దరూ పాతికేళ్ళుగా కలిసి సినిమాలు చూస్తున్నవాళ్ళు. ఇంట్లో టీవీ తెర మీద దుమ్ము, టోపీలు, చెక్క మేడలు అన్నీ ఎప్పటివే. టోపీల కింద ముఖాలే, ఒకే పిండితో చేసినట్టు, ఎవరు ఎవరో తెలియలేదు.

"గుర్రాల్ని మాత్రం గుర్తుపడుతున్నానోయ్" అన్నాడు షెరీఫ్‌గారు. "ఆ చుక్క గుర్రం పోయిన వారం సినిమాలోదే."

స్నేహితుడు నవ్వబోయి మానేశాడు. తరవాత, "అదిగో మన మూడోగుండు!" అని వేలు చూపించాడు.

"ఏడీ?"

"ఇంకా చావలేదు. చచ్చాక చెప్తాలే."

ఇద్దరూ నవ్వారు కానీ, ఆ తరవాత స్నేహితుడు వారం మార్చి వారం వచ్చాడు, ఆపైన నెలకోసారి. పక్కనున్నవాడు చీకట్లో చెయ్యి చాపి తడుముకుంటున్నట్టు చూస్తుంటే, తను కూర్చుని హాయిగా సినిమా చూడటం ఆయన వల్ల కాలేదు.

అప్పుడు భార్య కూర్చోవడం మొదలుపెట్టింది. తుపాకుల చప్పుడంటే గిట్టని మనిషి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ గదిలోకి వచ్చినా బట్టలు మడతపెట్టుకుని వెళ్ళిపోయేదే. అలాంటిది నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కొంగమెడ గుర్తులు చదువుకుని, తెర వైపు కళ్ళప్పగించి కూర్చుంది. రెండో వారానికే, "అదిగోనండీ! బల్ల పక్కన! గొంతులో ముడి ఆడుతోంది" అంది.

షెరీఫ్‌గారు కుర్చీలోంచి లేచాడు. ముప్ఫై ఎనిమిది అని రాసుకుని, నిమిషం కూడా వేసుకున్నాడు. ఆ నెలలో ముప్ఫై తొమ్మిది, నలభై, నలభై ఒకటి కూడా పడ్డాయి. ఇన్నేళ్ళలో అంత జోరుగా ఎప్పుడూ దొరకలేదు. "నీ కన్ను ముందు నా కన్నెంత" అని భార్యని పొగిడాడు. ఆవిడ లేచి మంచినీళ్ళకని వెళ్ళింది.

కూతురు చూడ్డానికి వచ్చిన రోజు ముగ్గురూ కలిసి కూర్చున్నారు. భార్య మళ్ళీ, "అదిగో కొంగమెడ" అంది.

"ఎవరమ్మా? ఆ గడ్డమాయనా? ఆయనకి అసలు మెడే లేదు కదే!" అంది కూతురు. తరవాత ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయింది.

తెర మీద కాల్పులు జరుగుతున్నాయి. ఆయనకి ముఖాలు తెలియవు కానీ, మౌనం తెలుస్తుంది.

"ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

"మొదటినుంచీ" అంది భార్య. "నాకు వాళ్ళెవరూ తెలీదండీ. అందరూ ఒక్కలాగే ఉంటారు. ఆ మొదటిసారి మీరు రాసుకుని, ఆ పూట కడుపునిండా తిన్నారు. అందుకని..."

ఆయన అరవలేదు. పెన్ను అడిగి చివరి నాలుగూ కొట్టేశాడు. కొట్టేశాక పుస్తకం మూయలేకపోయాడు. వెనక్కి తిప్పుతూ పోయాడు. ముప్ఫై ఏడు, ముప్ఫై ఆరు, ఇరవై. ఇవి నిజమేనని ఇప్పుడు చెప్పేదెవరు? పొడుగు మెడ ఉన్న మనుషులు ఇద్దరై ఉండొచ్చు, ముగ్గురై ఉండొచ్చు. మళ్ళీ వేసి చూసుకుందామంటే తనకి తెలియదు.

మర్నాడు కూతురి చెయ్యి పట్టుకుని గడియారాల కొట్టుకి నడిచాడు. కంటికి భూతద్దం తగిలించుకుని ఉన్న స్నేహితుణ్ణి నిలబడే అడిగాడు. "నిజం చెప్పు. కొంగమెడని నువ్వూ చూశావు కదా? అన్నింట్లోనూ ఆయనే కదా?"

స్నేహితుడు భూతద్దం తీసి చాలాసేపు తుడిచాడు. "నువ్వు చూపిస్తే ఆయనే అనుకునేవాణ్ణోయ్. నాకెప్పుడూ నీ అంత కన్ను లేదు. నువ్వంటే... నాకు నీతో కూర్చోవడం బాగుండేది, అంతే."

"అయితే ఆయన్ని నేనొక్కణ్ణే చూశాను."

"నువ్వు చూశావుగా. చాలదా?"

షెరీఫ్‌గారు కూతురి చెయ్యి పట్టుకుని వెనుదిరిగాడు. దారి పొడుగునా కూతురు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. ఒక మలుపు దగ్గర మాత్రం ఆయన, "మా మామయ్య ముఖం నాకు గుర్తుందనుకున్నానమ్మా. బల్లెమే గుర్తుంది" అన్నాడు.

ఆ తరవాత ఇంట్లో టీవీ వార్తలకే పెట్టేవాళ్ళు. ఏ గదిలోకి వచ్చినా భార్య ముందు, "నేనేనండీ" అనడం అలవాటు చేసుకుంది.

సాయంత్రాలు వీధిలోకి నడవమని డాక్టరు చెప్పాడు. మొదట్లో ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ చూసి నవ్వేవాడు, తెలిసినవాళ్ళు అయ్యుంటారేమోనని. తెలియనివాళ్ళు ఎగాదిగా చూసేవాళ్ళు. ఒకాయన, "ఏంటి సంగతి?" అని నిలదీశాడు కూడా. దాంతో ఎవర్ని చూసినా నవ్వడం మానేసి, నేల చూస్తూ నడిచేవాడు. ఆయన చేతుల మీదుగా కళ్ళజోళ్ళు పెట్టుకున్న సగం వీధి, ఎదురుపడినా తలెత్తడం లేదనీ, ఉద్యోగం మానేశాక గీర పెరిగిందనీ అనుకుంది. భార్య కొన్నాళ్ళు ఇంటి మెట్ల మీద నిలబడి ఒక్కొక్కరికీ విషయం చెప్పుకొచ్చింది. చెప్పినకొద్దీ కొత్తవాళ్ళు తగులుతూనే ఉన్నారు. చివరికి ఆవిడా చెప్పడం మానేసింది.