ఎదురుసాలు

మా అయ్య సోంబరుకి పరీక్షలో వచ్చిన మార్కులు వందకి ఎనభై తొమ్మిది. ఈ మాట నేను అడిగినవాళ్ళకీ చెప్తాను, అడగనివాళ్ళకీ చెప్తాను. అది పంతొమ్మిది వందల ఇరవై ఏడు. హుకుంపేట పైకొండల్లో అప్పటికి పలక పట్టినవాళ్ళే తక్కువ. ఆ మార్కులతో ఆయనకి సీటు రాలేదు. అయ్యో పాపం అనేవాళ్ళు నా దగ్గర కూర్చోనక్కరలేదు. ముందు సంగతంతా వినండి, ఆ తర్వాత కూడా జాలి మిగిలితే అప్పుడు పడండి.

మా కలుపు పద్ధతి తెలియకపోతే మా అయ్య చేసిన పని మీకు అర్థం కాదు. మా వైపు చోడిచేలో, అంటే రాగిచేలో, కలుపుకి ఊరంతా కలిసి దిగుతారు. మనిషికో సాలు. తన సాలు ముందు అయిపోయినవాడు గట్టు మీద కూర్చోడు. అందరికంటే వెనకబడినది ఎవరో చూసి, ఆ సాలు రెండో కొసకి పోయి, అక్కణ్ణుంచి ఎదురుగా కలుపు తీసుకుంటూ వస్తాడు. ఇద్దరూ మధ్యలో కలుసుకుంటే సాలు అయిపోయినట్టు. రమ్మని ఎవరూ పిలవరు, వచ్చినందుకు ఎవరూ మెచ్చుకోరు. పక్కవాడు వంగి ఉండగా చేతులు ముడుచుకుని కూర్చుంటే మాత్రం ఊరుకోరు. అలాంటివాడికి పిల్లనెవరిస్తారని మా నాయనమ్మ అసిరమ్మ అనేది.

మా అయ్యది చురుకు చెయ్యి. ఎప్పుడూ ఆయన సాలే ముందు అయ్యేది. నాయనమ్మ వెనకాలే వెళ్ళి, ఆయన వదిలేసిన వేళ్ళు పీకుతూ తిట్టేది.

చదువులోనూ అంతే. గెడ్డ అవతల హుకుంపేటలో, పల్లం నుంచి వచ్చిన సూర్యనారాయణ మేష్టారు ఒక అరుగు మీద బడి నడిపేవారు. వానలకి గెడ్డ పొంగితే మా ఊరి పిల్లలకి ఇక బడి లేనట్టే. తను మేష్టారై గెడ్డకి ఇవతల, మా ఊళ్ళోనే బడి పెట్టాలని మా అయ్య ఆశ. ఊరి ఆశ కూడా అదే. అందుకు ఉన్నది ఒకటే దారి. కొండకింద మేష్టర్ల ట్రైనింగు బడిలో కొండవాళ్ళకి ఏటా ఒక్క సీటు ఇచ్చేవారు. పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు ఎవరివో ఆ సీటు వాళ్ళది. పంతొమ్మిదేళ్ళు దాటితే పరీక్షకి రానివ్వరు.

ఇరవై ఆరులో మొదటిసారి వెళ్ళాడు. పక్కన కూర్చున్నది మంగ్లు అని, సాలూరు పైకొండవాడు. అంతకుముందు ఒకరి మొహం ఒకరికి తెలియదు. పలకల మీద లెక్కలు మొదలయ్యాయి. మా అయ్య తనవన్నీ చేసేసి పలక దించి చుట్టూ చూశాడు. అందరికంటే వెనకబడింది మంగ్లు. ఇంకేం ఆలోచించలేదు. లేచి వెళ్ళి మంగ్లుకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, పలక తన వైపు లాక్కుని, కింద ఖాళీలో ఆఖరి లెక్క మొదలుపెట్టాడు.

దొంగచాటుగా చేస్తే వెంటనే దొరికేవాడేమో. ఇంత బాహాటంగా చేసేసరికి పరీక్ష పెట్టే పెద్దమనిషికి అదేమిటో అర్థం కావడానికే కొంతసేపు పట్టిందట.

"ఏమిటోయ్ నువ్వు చేస్తున్నది?" అన్నారాయన.

"నాది అయిపోనాది బాబూ. ఈడిది మిగిలిపోనాది," అని చెప్పి మా అయ్య మళ్ళీ లెక్కలోకి వంగాడు.

ఇద్దర్నీ బయటికి పంపేశారు. గోడ నీడన మంగ్లు వెక్కి వెక్కి ఏడ్చాడు. "సీటు ఒకటే కదన్నా! నాకొత్తే నీకు పోద్ది కాదేటి? ఇప్పుడు ఇద్దరికీ పోనాది," అన్నాడు. అప్పటిగ్గానీ మా అయ్య బుర్రకి ఎక్కలేదు. సీటు ఒకటేనని ఆయనకి తెలుసు. పక్కవాడు వెనకబడితేనే అది తన చేతికి వస్తుందన్న లెక్క మాత్రం ఎప్పుడూ వేసుకోలేదు.

తన సీటు పోయినందుకంటే, అడగకుండా పోయి ఇంకొకడి సాలు పాడుచేసినందుకు ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. "మా ఊరు వచ్చీ తమ్ముడా. వచ్చే పరీచ్చ దాకా నా కాడే ఉండు. పరీచ్చలో ఎదురు రాకూడదంటే, పరీచ్చకి ముందే వత్తాను," అన్నాడు.

మంగ్లు వచ్చాడు. సూర్యనారాయణ మేష్టారు తల పట్టుకున్నారు. "ఒరేయ్ సోంబరూ, నీకు ఇదే ఆఖరి ఏడాది. వాడికి ఇంకా రెండేళ్ళు వయసుంది. పోటీకి వచ్చేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని అంబలి పోసి మరీ లెక్కలు నేర్పుతావట్రా?"

"ఆడి సాలు పాడుసేసింది నానే మేష్టారూ. అది అలగ ఒగ్గీసి నా సాలు ఎలగ సేసుకుంతాను?"

మేష్టారు కాసేపు తిట్టి, ఆ తర్వాత ఇద్దరికీ కలిపే పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

మంగ్లు నిదానం మనిషి. వాడు ఒక లెక్క చేసేలోపు మా అయ్య మూడు చేసేవాడు. కానీ మంగ్లు చేసినదాన్ని మళ్ళీ చూసుకునే పని ఉండేది కాదు. చేలోనూ అంతే, ఒక్క వేరు మిగిల్చేవాడు కాదు. మొదట్లో గొణిగిన నాయనమ్మకి వాడంటే ఇష్టం పుట్టింది అక్కడే. "సూసినావా, కలుపంటే ఇలగ తియ్యాల," అని కొడుకుని దెప్పేది. మా అయ్య వాడికి వేగం నేర్పాడు. వాడి దగ్గర నిదానం మాత్రం నేర్చుకోలేకపోయాడు.

రెండోసారి పరీక్షలో కూడా మా అయ్యదే ముందు అయింది. పలక దించాడు. పక్కన మంగ్లు ఇంకా వంగే ఉన్నాడు. ఆ కాసేపటి గురించి మా అయ్య ముసలితనంలో కూడా నాతో చెప్పేవాడు: "కావిళ్ళు మోసినాను, దుంగలు మోసినాను గానీ గుంటా, అలగ కూకోడమంత కట్టం ఏటీ నేదు." చేతులు వాటంతట అవే ఎక్కడ లేస్తాయోనని అరచేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడట. తన పలక ఇంకోసారి చూసుకుందామన్న ఆలోచన మాత్రం రాలేదు మహానుభావుడికి! ఆఖరి లెక్కలో తప్పు అలాగే ఉండిపోయింది.

సాయంత్రం మార్కులు చదివారు. మంగ్లు తొంభై ఒకటి. సోంబరు ఎనభై తొమ్మిది. మిగతావాళ్ళెవరూ దరిదాపుల్లో లేరు. మంగ్లు తల ఎత్తలేకపోయాడు. మా అయ్య వాణ్ణి అమాంతం పైకెత్తి, ఆ ఆవరణ అంతా వినపడేలా కేక పెట్టాడు. ఆ తర్వాత ఒంటరిగా కొండెక్కి వస్తూ గెడ్డ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆ రెండూ నిజమే. రెండూ మా అయ్యే చెప్పాడు.

ఊళ్ళో కొందరు వెర్రోడన్నారు. సీటూ పోయింది, బడీ పోయిందన్నారు. ఆయన వాళ్ళతో వాదన పెట్టుకోలేదు. అంత ఓపిక నాకైతే ఉండేది కాదు.

ఇరవై తొమ్మిది శ్రావణంలో ఊరు చోడి కలుపుకి దిగింది. మా అయ్య అప్పుడే మన్యం జ్వరం నుంచి లేచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన సాలు వెనకబడింది. తమ సాలు ముగించినవాళ్ళు ఎదురెళ్ళబోయి ఆగిపోయారు. ఆ రెండో కొసలో అప్పటికే ఎవరో ఉన్నారు. గట్టు మీద రేకుపెట్టె, దాని మీద మడిచిన చొక్కా. పంచె ఎగ్గట్టుకున్న మనిషి తల వంచుకుని, నింపాదిగా కలుపు తీసుకుంటూ వస్తున్నాడు. మొహం కనిపించకముందే, అతని వెనక వేరన్నది లేకుండా ఉన్న సాలు చూసి నాయనమ్మ, "మన మంగ్లే!" అని అరిచింది.

సాలు మధ్యలో ఇద్దరూ కలుసుకున్నారు.

"మేష్టర్ని సేసి, ఏ ఊరు కావాలని అడిగినారన్నా," అన్నాడు మంగ్లు. "సాలూరు పక్కన మంచి ఊరు ఇత్తామన్నారు. ఇదే కావాలన్నాను. బడి గెడ్డకి ఇవతలే, మీ ఊళ్ళోనే." చేతిలో ఉన్న ఆఖరి కలుపుమొక్క గట్టు మీదికి విసిరి, మట్టి చేతులు దులుపుకున్నాడు. "నాది అయిపోనాది. నీది మిగిలిపోనాది."

ఆ బడికి గోడ పెట్టింది, గడ్డి కప్పింది మా అయ్యే. కొన్నేళ్ళకి నేనూ అందులోనే పలక పట్టాను. అంకెలు నేర్పింది మంగ్లు మేష్టారు. మిగతావాళ్ళు ఒకటి నుంచి మొదలుపెట్టారు. నాకు మాత్రం అన్నిటికంటే ముందు ఎనభై తొమ్మిది రాయించారు.