చింపని కార్డు

మా పెదనాయన తిమ్మరాయప్ప బెంగళూరు చిక్కపేటలో చీరల అంగట్లో గుమస్తా. ఆయన దగ్గరున్నన్ని ఉత్తరాలు పోస్టాఫీసులో కూడా ఉండవని ఇంట్లో ఎగతాళి చేసేవాళ్ళం. వాకిలి పక్క మేకుకు ఇనుప తీగె, తీగె నిండా గుచ్చిన కార్డులు. మూలలకు పసుపు పూసిన పెండ్లి ఉత్తరాలు, కాన్పు కబుర్లు, అన్నీ అక్కడే. చావు కబురు మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. వీధిలోనే చదివి, చింపి మోరీలో వేసి, తలకు నీళ్ళు పోసుకునే ఇంట్లోకి రావాలి. ఇందులో ఆయన మహా నిష్ఠాపరుడు. ఆ నిష్ఠ మీద నాకిప్పటికీ కోపమే.

1976లో ఆయన కూతురు మునిలక్ష్మక్కకు చంద్రశేఖర్ అనే అతని సంబంధం వచ్చింది. అతను బొమ్మనహళ్ళి వైపు ఒక కార్ఖానాలో పనిచేసేవాడు. అక్కకు నచ్చాడు. ఆ సంగతి దాచుకోవడం కూడా ఆమెకు చేతకాలేదు. అంతా కుదిరిందనుకుంటుండగా, అతని తాత ఓబళప్పదీ మా తాతదీ మడకశిర దగ్గర ఒకే ఊరని మాటల్లో బయటపడింది. దాయాదులైతే ఈ ఇద్దరూ అన్నాచెల్లెళ్ళ వరస. బెంగళూరు చేరాక రెండు వైపులా ఇంటిపేర్లు పోయి ఇనిషియళ్ళు మిగిలాయి. ఊళ్ళో వరసలన్నీ తెలిసిన చిక్కమునియప్ప అంతకు ముందేడే కన్నుమూశాడు.

పెదనాయన తీగె దించి, ఆదివారమంతా కార్డులు పరుచుకుని వంశవృక్షం గీయబోయాడు. ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు ఎవరిని చేసుకున్నారో తెలిసింది. ఆ కాగితాల ప్రకారం మా వాళ్ళలో ఎవరూ చావలేదు. ఓబళప్ప పేరే లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఊరి నుంచి చావు కార్డులు రాసేది చిక్కమునియప్పే. అడుగున ఒక మాట తప్పక రాసేవాడు. దాయాదులకైతే 'మీకు పది దినాల అంటు' అని, కానివాళ్ళకు 'తలకు నీళ్ళు పోసుకుంటే చాలు' అని. వరస తేల్చేది ఆ మాటొక్కటే. దాన్నే ఇన్నేళ్ళూ తన చేత్తో చింపి మోరీలో వేశాడు.

"తెలీకుండా ఎట్ల చేసేదప్పా? రేపు దాయాదులని తేలితే?" అన్నాడు మా నాయనతో. సంబంధం వద్దని కబురంపాడు. అక్క ఏడవలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సంబంధానికీ వద్దంది. చంద్రశేఖర్ ఏడాది తిరక్కుండా వేరే పిల్లను చేసుకున్నాడు.

1984లో గోడలకు సున్నం వేయడానికి దేవుడి పటం దించింది నేనే. వెనక నుంచి ఒక కార్డు జారింది. మా అవ్వ పిల్లమ్మకు చదువు రాదు, ఏది చావు కబురో తెలీదు. పగలు వచ్చిన ఉత్తరాలు సాయంత్రం కొడుకుతో చదివించుకోవాలని పటం వెనక దోపేది. ఇదొకటి మరిచిపోయింది, తర్వాత తనే పోయింది. కార్డు 1961 నాటిది. ఓబళప్ప కాలం చేశాడని కబురు. అడుగున చిక్కమునియప్ప చేతిరాత: 'మీకు తలకు నీళ్ళు పోసుకుంటే చాలు.'

పెదనాయన దాన్ని చదివాడు. కార్డు పట్టుకుని వీధిలోకి నడిచి, అలవాటుగా చింపబోయాడు. పని నుంచి అప్పుడే వచ్చిన అక్క దాన్ని అందుకుని రెండుసార్లు చదివింది.

"దాయాదులు కారమ్మా వాళ్ళు. నేనే నీ గొంతు కోసినాను" అన్నాడు.

"చింపొద్దు నాయనా. నాకొచ్చిన పెండ్లి ఉత్తరం ఇదొకటే ఉండాది."

లోపలికి పోయి పసుపు తెచ్చి, నాలుగు మూలలా పూసి, తనే తీగెకు గుచ్చింది. పెదనాయన తలకు నీళ్ళు పోసుకోవడం మరిచి గడప మీదే కూర్చుండిపోయాడు.