రాజవ్వ పంచిన కోడిపిల్లలు

బీర్కూరులోని పుట్టింట్లో ఉండగా పక్కింటి ఫోనుకు కబురు వచ్చింది. మా అత్తమ్మ రాజవ్వ ఇక లేదట! ముందురోజే బాన్సువాడలోని మా అత్తింట్లో "చాయ్ తాగి పో బిడ్డా, బస్సేం పారిపోతదా?" అని నన్ను కూర్చోబెట్టిన మనిషి. మృత్యువు ఇంత నిర్దాక్షిణ్యమైనదా!

మా వాడలో కోడిపిల్లల విషయంలో ఆమె మాటే పరమప్రమాణం. ఇక్కడ పెట్టను పాలుకు ఇవ్వడం ఆచారం. ఒకరి పెట్టను మరొకరు సాకుతారు. పిల్లలు కాస్త ఎదిగాక చెరిసగం పంచుకుంటారు. పెట్టలన్నీ ఒకవైపే పోతే కొట్లాటే. అందుకే పిల్లల్ని గంపలో తెచ్చి అత్తమ్మ ముందు పెట్టేవారు. నెత్తిమీది తురాయి తొందరగా పెరిగి ఎర్రబడితే పుంజు, పాలిపోయి చిన్నగా ఉంటే పెట్ట. నాకూ నేర్పబోయింది గానీ అబ్బలేదు. "నువ్వు బియ్యం చెరుగు తల్లీ, గదే నయం" అని నవ్వేది.

తొంభైలలో ఒకసారి, అత్తమ్మ సొంత చెల్లెలు గంగామణి పెట్టను సాయవ్వ పాలుకు తీసుకుంది. సాయవ్వ వితంతువు. బీడీలు చుట్టి చుట్టి వేళ్లు మొరాయిస్తుంటే, గుడ్లు పెట్టే కోళ్లుంటే ఇల్లు గడుస్తుందని ఆమె ఆశ. ఆ పిల్లల్ని అత్తమ్మే పంచింది. తీరా ఎదిగాక సాయవ్వ వంతుకు పెట్టలని ఇచ్చినవన్నీ మెడ ఈకలు మొనదేలి కూయడం మొదలుపెట్టాయి! వాటి తండ్రి వర్ని వైపు నుంచి వచ్చిన పందెం జాతి పుంజు. ఆ జాతిలో పుంజుకు కూడా తురాయి అణిగే ఉంటుంది. ఆ సంకరమే అత్తమ్మను మోసగించింది.

సాయవ్వ మా వాకిట్లో నిలబడి ఏడ్చింది. "సొంత చెల్లెకు పెట్టలు, నాకు పుంజులా? నీ దగ్గర గూడ గింతేనా అక్కా?"

నాకు ఒళ్లు మండింది. ఎదురు చెప్పబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. మరునాడు మా గుడ్లకోళ్లన్నిటినీ గంపకెత్తి, వాడ మధ్యలోంచి సాయవ్వ ఇంటికి నడిచివెళ్లి, అందరూ వినేలా చెప్పింది: "తప్పు నాదే సాయవ్వా. నా కండ్లు మోసపోయినయి, నా నీతి, నా ఈమాన్ ఎటు పోలే. గీ పెట్టలు నువ్వుంచుకో, ఆ పుంజులు నాకియ్యి."

అంతటి ధర్మనిష్ఠను, నిరహంకారాన్ని నేను మరొకరిలో చూడలేదు. చాన్నాళ్లు మా ఇంట గుడ్డు కూర లేదు. గొణిగింది నేనొక్కదాన్నే!

ఆ తర్వాత ఎవరు పిల్లల్ని తెచ్చినా "ముందుగాల వీటి అయ్యెవడో చెప్పుండ్రి" అనేది. వాడంతా పగలబడి నవ్వేది. పందెం జాతి కలిసిందంటే, మెడ ఈకలు తేలేదాకా ఆగమని పంపేసేది. సాయవ్వ కూడా మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేది.

ఆ పుణ్యమూర్తికి మనసులోనే సాష్టాంగ ప్రణామం చేస్తున్నాను. ఆమె లోటు మా ఇంటికే కాదు, మా వాడకే తీరనిది. ఈమధ్య ఒకరోజు సాయవ్వ, మళ్లీ పాలుకు తీసుకున్న గంగామణి పెట్ట పొదిగిన కొత్త పిల్లల్ని అలవాటు కొద్దీ మా వాకిట్లోకి తెచ్చి, అంతలోనే గుర్తొచ్చి కూలబడింది. పక్కనే ఉన్న గంగామణి "నీకు నచ్చినయి నువ్వే ముందు ఏరుకో" అంది.

సాయవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "వద్దక్కా, ఇప్పుడే పంచుకోవద్దు. తప్పైతే ఇంటికొచ్చి, తప్పు నాదే అని చెప్పే మనిషి లేకపాయె."

ఆ పిల్లలు రెండిళ్ల గింజలూ తింటూ కలిసే పెరుగుతున్నాయి.