క్లచ్ మీద కాలు

కొత్త క్లచ్ ప్లేటు వేయించి మూడు నెలలు కాలేదు, బండి మళ్ళీ స్లిప్ కొట్టడం మొదలుపెట్టింది. మా ఆయన రేజ్ ఇచ్చేకొద్దీ ఇంజను గొంతు చించుకుని అరుస్తుంది గానీ చక్రాలకు చీమ కుట్టినట్టయినా ఉండదు. పైగా కాలిన వాసన. మొజంజాహీ మార్కెట్ చౌరస్తాలో నడిరోడ్డు మీద ఆగిపోతే, వెనక బస్సువాడు ఆపకుండా హారన్ కొడుతుంటే, దిగి నేనే తోశాను. ఒక చేత్తో కుచ్చిళ్ళు, ఒక చేత్తో డిక్కీ. చూసినవాళ్ళు నవ్వుకునే ఉంటారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆ బండే మాకు పొలం, ఆ బండే మాకు నౌకరీ. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ కారు. రెండు లక్షల కిలోమీటర్లు ఎప్పుడో దాటేసింది. పెళ్ళిళ్ళకు, దవాఖానలకు, యాదగిరిగుట్టకు కిరాయికి తిప్పేవాడు మా ఆయన. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి. బండి ఆగితే ఇల్లు ఆగినట్టే. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు సరిగ్గా పెళ్ళిళ్ళ రోజుల్లోనే పోవాలా ఈ క్లచ్చు!

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉంటుంది మేము ఎప్పుడూ వెళ్ళే మెకానిక్ షెడ్డు. మెకానిక్ బండెక్కి హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్ వదిలాడు. క్లచ్ మంచిదైతే ఇంజను టక్కున ఆగిపోవాలట. అది ఆగలేదు, దర్జాగా తిరుగుతూనే ఉంది. విప్పి చూస్తే ప్లేటు మాడిన రొట్టెలా ఉంది.

"అన్నా, ప్లేటు తప్పేం లేదు. నీ కాలు క్లచ్ మీదనే ఉంటున్నది, ప్లేటు పట్టు దొరకక రాసుకొని మాడుతున్నది. గట్లా నడిపితే ఎన్ని ప్లేట్లు ఏసినా గింతే" అన్నాడు మెకానిక్.

మా ఆయన ముఖం ఎర్రబడింది. "ముప్పై ఏండ్ల సంది నడుపుతున్న. కాలు యాడ వెట్టాల్నో నువ్వు నేర్పుతవా నాకు?"

నా నోరు అసలే మంచిది కాదు. నేనెందుకు ఊరుకుంటాను? "ఏంది తమ్మీ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు! డూప్లికేట్ మాల్ ఏసి మా మీద తోస్తున్నవా?" అని సందు సందంతా వినేలా కడిగేశాను. మెకానిక్ ఇంకో ప్లేటు తెప్పించి బిగించాడు. డబ్బులకు ఎవరి కాళ్ళు పట్టుకున్నామో ఇప్పుడు చెప్పుకోవడం దండగ.

అసలు ఆ ఏడాది మాకు కలిసొచ్చింది ఒక్కటే. మా ఆయనకు చాలా కాలంగా షుగరు. చాయ్‌లో చక్కెర మానడు, గోళీ గుర్తుంటే వేసుకుంటాడు, లేకపోతే లేదు. ఏడాది క్రితం వరకూ అరికాళ్ళు మంటలని రాత్రిళ్ళు తడి గుడ్డ చుట్టుకుని పడుకునేవాడు. అలాంటిది ఆ మంటలు వాటంతటవే తగ్గిపోయాయి. మందు పనిచేసిందని సంబరపడి నేను గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. ఆ తర్వాత ఒకసారి సుల్తాన్ బజార్ నుంచి ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియదట. "రేపు పంచె జారిపోయినా గిట్లనే వస్తరేమో" అని వారం రోజులు ఏడిపించాను. ఆయన కూడా నవ్వాడు.

ప్లేటు బిగించిన మరునాడే గుట్టకు కిరాయి ఉంది. చిన్నపిల్లలున్న కుటుంబం, వాళ్ళు పొద్దున్నే బయల్దేరాలన్నారు. అందుకని షెడ్డు నుంచి బండి బయటికి తీయగానే నేను ముందు సీట్లో కూర్చున్నాను. నా లెక్క నాకుంది. అబిడ్స్ దాకా వెళ్ళి రావాలి, దారి పొడుగునా ఆయన ఎడమకాలి మీదే కన్ను వేసి ఉంచాలి, ఆ కాలు క్లచ్ మీద లేదని నా కళ్ళతో చూడాలి. చూసి ఆ మెకానిక్ దగ్గరికి తిరిగొచ్చి, మిగతా తిట్లు అప్పజెప్పాలి. నా మొగుడి డ్రైవింగుకు వంక పెడతాడా!

బండి మెత్తగా కదిలింది. కొత్త ప్లేటు కదా, వెన్నలా పోతోంది. రోడ్డు మీద ఏముందో నేను చూడలేదు. తల వంచుకుని పెడల్ వైపే చూస్తున్నాను. ఆయన క్లచ్ తొక్కి గేరు మార్చాడు. పెడల్ కొంచెం పైకొచ్చి ఆగింది. కాలు దాని మీదే ఉంది. ఇంకో గేరు మార్చాడు. కాలు అక్కడే. పాదం బరువంతా పెడల్ మీద వేసి, హాయిగా నడుపుతున్నాడు.

నాకు ముందు కోపమొచ్చింది. "కాలు తియ్యుండ్రి" అన్నాను.

"తీసిన గదనే" అన్నాడు, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

"యాడ తీసిన్రు?"

"గీడనే, కింద వెట్టిన."

అబద్ధం ఆడితే ఆయన గొంతు సన్నబడుతుంది. కాపురం చేసినదాన్ని, నాకు తెలుసు. ఆ గొంతు సన్నబడలేదు. కాలు నిజంగా కిందే పెట్టాననుకుంటున్నాడు. పెడల్ మీద ఉన్న కాలు ఆయనకు తెలియడం లేదు.

తగ్గిన మంటలు, జారిన చెప్పు, నేను కొట్టిన కొబ్బరికాయ, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అవి తగ్గడం కాదు. కాలు చచ్చిపోతుంటే నేను పండగ చేసుకున్నాను.

"పక్కకు ఆపుండ్రి బండి."

"ఏమైందే? మంచిగనే గుంజుతుంది గదా."

"ఆపుండ్రి!"

అబిడ్స్‌లో మూసి ఉన్న ఒక బట్టల దుకాణం ముందు ఆపాడు. వంగి ఆయన ఎడమ పాదం చేతుల్లోకి తీసుకున్నాను. గోరుతో గట్టిగా గిచ్చాను. ఆయన అద్దంలో వెనక వచ్చే ఆటోను చూస్తున్నాడు. ఇంకా గట్టిగా గిచ్చాను. అప్పుడు కిందికి చూసి, "రోడ్డు మీద గీ ఏశాలేందే" అని నవ్వబోయాడు. వేలి మీద ఎర్రగా పడ్డ గుర్తు చూశాడు. నా చేతిని చూశాడు. నవ్వు ఆగిపోయింది.

పక్క నుంచి బస్సులు పోతున్నాయి. బండికి ఏ రోగమొచ్చినా షెడ్డు ఉంది. ఈ మనిషికి కాలు పోతే ఏం చెయ్యాలి, ఆయన స్టీరింగ్ వదిలితే ఏం తినాలి?

"గుట్టకు వద్దు. ఫోన్ చేసి చెప్పుండ్రి" అన్నాను.

"పిచ్చిదానా, గది క్లచ్ కాలు. ఇగ చూసుకుంట నడుపుత. బ్రేకుది కుడికాలు, అది మంచిగనే ఉంది."

"బండిల పిల్లలుంటరు."

"ఔ, ఉంటరు. నాకెరుక లేదా? నమ్మవా నన్ను? పట్టి చూడు మరి" అని చెప్పు విడిచి, సీట్లో పక్కకు తిరిగి, కుడికాలు నా ఒడిలో పెట్టి కళ్ళు మూసుకున్నాడు. చిన్నపిల్లవాడు పందెం కాసినట్టు పెదవులు బిగబట్టాడు.

తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. నొప్పికి ఆయన అరవాలని, నన్ను నాలుగు తిట్టాలని కోరుకున్నాను. బొటనవేలు పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి గోరు దించాను.

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. కాసేపు ఆగి, "ఊఁ, గిచ్చు మరి. భయమైతుందా ఏంది?" అన్నాడు.

నేను చెయ్యి తీసేశాను. బండి తాళంచెవి గుంజుకుని కొంగున ముడి వేసుకున్నాను.