పైపుల విచారణలో నేను మార్చి చెప్పిన మాట

ఢిల్లీ నుంచి ఆఫీసర్లు వస్తున్నారని తెలిసిన రోజు మా మేనేజర్ నన్ను పిలిచి, "నీకు హిందీ వచ్చు గదమ్మా, వాళ్ళ పక్కనే ఉండి అటుదిటు ఇటుదటు చెప్పు" అన్నాడు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, మా నాయన్ని కన్న దాదీ పుణ్యమా అని నాకు ఉర్దూ వచ్చు, దాంతోనే హిందీ నడిపేస్తా. ఫ్యాక్టరీ మొత్తంలో అది వచ్చింది నాకొక్కదానికే. అబ్బో, ఆ రోజు నా మురిపెం చూడాల. మంచి చీర తీసి ఇస్త్రీ చేయించుకున్నా.

మాది మనుబోలు దాటినాక హైవే పక్కన ఉండే స్టీలు పైపుల ఫ్యాక్టరీ. అప్పటికి కొన్నాళ్ళుగా బయటి దేశం పైపు ఓడల్లో వచ్చి పడతా ఉండింది. అక్కడి సర్కారు సబ్సిడీ ఇస్తుందంట. వాళ్ళ ఊళ్ళో అమ్ముకునే ధర కంటే తక్కువకి తెచ్చి ఇక్కడ దించేవాళ్ళు. ఇంక మా పైపు అడిగే నాథుడు లేడు. రెండో షిఫ్టు ఆపేసి, ఆ మనుషులందర్నీ ఇళ్ళకు పంపేసినారు. ఆ పైపు మీద అదనంగా సుంకం వెయ్యమని మావాళ్ళు ఢిల్లీలో అర్జీ పెట్టుకున్నారు. మాకు నిజంగా నష్టం జరిగిందా, ఊరికే ఏడుస్తున్నామా అని చూడడానికే ఆ ఆఫీసర్లు రావడం. సుంకం పడితే రెండో షిఫ్టు మళ్ళీ తెరుస్తారు. పడకపోతే లేదు.

రెండు రోజులు ఫైళ్ళు చూసినారు. మూడో రోజు, పని పోయిన మనిషితో ఒకసారి మాట్లాడతామన్నారు. మేనేజర్ ఒకాయన్ని పిలిపించినాడు. వెల్డింగు లైను మీద ఏళ్ళతరబడి చేసిన మనిషి, చిట్టమూరు పక్క పల్లె. నన్ను నోరారా అక్కా అనేవాడు. గడ్డం గీసుకోని, తెల్ల చొక్కా వేసుకోని, పెళ్ళికొచ్చినట్టు వచ్చినాడు.

పని పోయినాక ఇల్లెట్లా గడుస్తా ఉందని ఆఫీసరు అడిగినాడు. నేను తెలుగులో అడిగినా. ఆయన నిటారుగా కూర్చోని, "మాకేం లోటు లేదు సార్. కాస్తో కూస్తో పొలం ఉండాది. అన్నానికి కొదవ లేదు. పిల్లోళ్ళు బాగా చదువుకుంటా ఉండారు" అన్నాడు.

పచ్చి అబద్ధం. పొలం కౌలుది, ఆ ఏడు నీళ్ళు లేక ఎండబెట్టుకున్నాడు. భార్య రొయ్యలు ఒలవడానికి పోతా ఉండింది. కానీ మా పక్క సేద్యగాడు ఎవరైనా అట్టే అంటాడు. కొత్త మనిషి ముందర ఇంట్లో లేదని చెప్పుకోడు, తల తీసినా చెప్పుకోడు. నేను చెయ్యాల్సింది ఎంతసేపూ? "సార్, మావాళ్ళు పరువుకి ఇట్టే చెప్తారు, ఇంకో రకంగా అడగండి" అంటే అయిపోయేది. నాకు తట్టలేదు. మేనేజర్ మొహం చూసినా, నెత్తురుచుక్క లేదు. నోరు తెరిచినా.

"ఒక పూట తింటే ఇంకో పూటకి లేదంట సార్. పిల్లల్ని బడి మాన్పించినాడంట. భార్య ఇరుగింటికి పొరుగింటికి పోయి బియ్యం అడుక్కొస్తా ఉందంట."

నన్నెవరూ చెప్పమనలేదు. ఆ బియ్యం మాటైతే నా సొంత తెలివి. నేను చెప్తున్నంతసేపూ ఆయన అవునవునని తల ఊపతానే ఉన్నాడు, తన మాటలే చెప్తున్నాననుకోని. ఆఫీసరు రాసుకున్నాడు. నేనేం చెప్పినానో నా నోటనే విని, మేనేజర్ ఆ సాయంత్రం నాకు స్వీటు పెట్టినాడు. సిగ్గు లేకుండా తిన్నాను.

ఆ మాటల్నే కంపెనీ తన అర్జీకి జత చేసింది, పేపరోళ్ళకీ ఇచ్చింది. ఆయన పేరు లేదు. పల్లె పేరూ, వెల్డింగు పనీ ఉన్నాయి. గుర్తుపట్టడానికి ఇంకేం కావాల?

వారం తిరక్కుండా ఆయన గేటు దగ్గరికి వచ్చినాడు. "నేను అట్టా అన్నానా అక్కా?"

"నువ్వు చెప్పింది చెప్పినట్టే చెప్పినా. వాళ్ళెట్ట రాసుకున్నారో ఏమో" అన్నా.

నమ్మినాడు. నమ్మకుండా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. "పేపరు సంగతి పోనీలే అక్కా. మా ఆమె నాతో మాట్లాడడం మానేసింది. అడుక్కుతినేదాన్ని చేసినావు గదా నన్ను, అని ఒకటే ఏడుపు. నువ్వొచ్చి నేను అనలేదని ఒక్క మాట చెప్పు. నీ మాటైతే నమ్మతాది."

ఆదివారం పోయినా. నిజం చెప్పేద్దామనే బస్సెక్కినా. దోవలో మాత్రం, విచారణ ఇంకా తెగలేదు, బయటి పైపు అమ్మేవాళ్ళ లాయర్లు తప్పు కోసం కాచుకోని ఉన్నారు, నిజం బయటికొస్తే షిఫ్టు వాళ్ళందరి నోట్లో మట్టే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటా పోయినా. అదంతా పైకి. నా ఉద్యోగం ఊడుతుందని నా భయం.

ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి విస్తరి వేసింది. అడక్కుండా అన్నం గుట్టగా పెట్టింది. పప్పు, రొయ్యల వేపుడు, నెయ్యి. నేను చాలంటే, "తిను అక్కా. మా ఇంట్లో ఏం తక్కువుందో నువ్వే చూసి పో" అనింది. ఆయన గోడకానుకోని నా నోటి వైపే చూస్తా ఉన్నాడు.

ముద్ద కలుపుకున్నా. తలెత్తకుండానే అన్నాను, "కష్టంలో ఉన్నప్పుడు మొగోళ్ళు నోరు జారతారమ్మా. మనసులో పెట్టుకోబాక."

"చూసినావా" అనింది ఆమె మొగుడితో. "అక్క గూడా అంటా ఉండాది."

ఆ మాటలు నేనే కల్పించినానని ఆయనకి అప్పుడు అర్థమైంది. నన్ను అబద్ధాలకోరని ఆ క్షణంలో ఆమె ముందర కడిగెయ్యొచ్చు. ఇంటికొచ్చి అన్నం తింటున్న మనిషిని ఏమనగలడు?

"అక్కకి మజ్జిగ పొయ్యి" అన్నాడు భార్యతో.

పోయించుకోని తాగినాను.