వంకర కొమ్ము మేక

కరోనా తగ్గాక వచ్చిన ఎండాకాలంలో, మా గేమింగ్ కంపెనీ సిద్దిపేటలో తెరిచిన చిన్న శాఖకు నన్ను ఆర్ట్ డైరెక్టర్‌గా పంపింది. ఆటలో కంటికి కనిపించే ప్రతిదానికీ, మేక తోక నుంచి మబ్బు రంగు దాకా, ఆ హోదాలో ఉన్నవారిదే బాధ్యత. నా కింద లీడ్ ఆర్టిస్టు నరేశ్, ఇబ్రహీంపూర్ వాడు. నా పైన హైదరాబాద్‌లో ప్రొడ్యూసర్. విడుదల గడువు ఆయన చేతిలో ఉంటుంది.

మాకు అప్పగించింది, సంతలోంచి తప్పించుకుని ఉరికే మేక ఆటకు రెండో భాగం. మొదటి ఆటలోది చేత్తో గీసిన మేక. కొమ్ము వంకర, పళ్లు ఎత్తు. దాని స్థానంలో మేం త్రీడీ మోడల్ చేశాం. అంటే కంప్యూటర్‌లో ఎటు తిప్పినా నిండుగా కనిపించే బొమ్మ. కొమ్ములు సరిచేశాం, ఒళ్లు నిగనిగలాడించాం.

ట్రైలర్ విడుదలైన సాయంత్రమే తిట్లు మొదలయ్యాయి. 'మా మేకకు ఏం రోగమొచ్చింది?' అని ఒకరు, 'గిది ప్లాస్టిక్ బొమ్మ' అని ఇంకొకరు. నెలల తరబడి ఆ మోడల్ మీదే కూర్చున్న నరేశ్ అన్నం మానేశాడు. కామెంట్లు చదవొద్దు, చెప్పిన తేదీకి ఇచ్చేయండి అన్నారు ప్రొడ్యూసర్. నేను చదివాను. అందరికంటే ఘాటుగా తిట్టినావిడ సిద్దిపేటలోనే ఫ్యాన్సీ దుకాణం నడిపే లావణ్య. ఆఫీసుకు వచ్చి చెప్పమని జవాబిచ్చాను.

మర్నాడే వచ్చింది, వెంట అత్తగారితో. మొదటి ఆటలో ఇద్దరూ ఒకరికొకరు పోటీ అట. అత్తగారు ట్రైలర్ చూసి పెదవి విరిచింది.

"మా మేక ఉరుక్కుంట ఎన్కకు మర్లి మనల్ని జూసి ఇకిలిస్తుండె బిడ్డా. గిదేంది, ఇస్త్రీ అంగి లెక్క నున్నగున్నది?"

నరేశ్ తల వంచుకున్నాడు. లావణ్య అతని వైపు తిరిగింది.

"కానీ అన్నా, ఉరుకుడు మాత్రం మస్తు జేసినవ్. పాతదాని కాళ్లు కట్టెలోలె ఉంటుండె. గీ ఉరుకుడుకు గా మొఖం పెడితే అయిపాయె!"

"ఉరుకుడు నచ్చిందా అక్కా?" అని నరేశ్ మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. ఆ మధ్యాహ్నం రెండు పూటల అన్నం ఒకేసారి తిన్నాడు.

మోడల్ కదలికలను అలాగే ఉంచాం. పైన తొడిగే రంగుల పొరను, మా భాషలో టెక్స్చర్ అంటాం, నరేశ్ మొత్తం చేత్తో మళ్లీ గీశాడు. కొమ్ము వంకర తిరిగింది, పళ్లు బయటికొచ్చాయి. గడువు పొడిగించమని అడుగుతూ నమూనా పంపాను. మేక వెనక్కి తిరిగి ఇకిలించేసరికి ప్రొడ్యూసర్ ఫోన్‌లోనే పకపకా నవ్వారు. గడువు దొరికింది.

కొత్త ట్రైలర్‌ను ఆ అత్తాకోడళ్లను పిలిచి ఆఫీసులోనే విడుదల చేశాం. 'మా మేక మల్లొచ్చింది' అన్న మొదటి కామెంటును నరేశ్ బిగ్గరగా చదివితే ఆఫీసంతా ఈలలు. అత్తగారు మాత్రం ఫోన్ వదల్లేదు, అప్పటికే కోడలిని ఓడించే పనిలో ఉంది.

ఆ తర్వాత నేను చేసిన ప్రతి రెండో భాగానికీ, ఏం మార్చాలో చర్చించే ముందు, ఏది మార్చకూడదో ఆడేవాళ్లను అడిగాను. తిట్టేవాళ్లను ముందుగా పిలిచాను. ఆటను అందరికంటే ఎక్కువసార్లు ఆడింది వాళ్లే.