కొండముచ్చుకు పెట్టిన అరటిపండ్లు

గద్వాలలో మా వీధి పొడవునా పొద్దున్నే పడుగు చాపి గంజి పట్టించేవాళ్లం. చీరకు నిలువుగా సాగే పోగులే పడుగు. తొంభైల మొదట్లో కోతులు ఎక్కువై దాని మీదే గెంతేవి. ఒక్క దూకుకు అరవై, డెబ్బై పోగులు తెగేవి. నేను బడికి పోలేదు. మగ్గం దగ్గర పోగులు ఎంచుతూనే లెక్కలు నేర్చుకున్నాను. తెగినవీ ఎంచేవాణ్ణి.

చివరికి వీధంతా కలిసి కొండముచ్చును పెంచే ఒకాయనను పిలిపించుకున్నాం. నల్ల మొహం, బారెడు తోక. దాన్ని మా వేపచెట్టుకు కట్టాక ఇరవై రెండు రోజులు ఒక్క పోగు తెగలేదు.

ఒక శుక్రవారం ఆయన ఊరికి పోతూ తాడు నా చేతిలో పెట్టాడు.

"అన్నా, ఇది ఆకులు తినే జీవం. చింతాకు, రావాకు వెయ్యి. తీపి పెట్టనియ్యకు, కడుపుల పులిసి సస్తది. సోమారం వస్త."

మర్నాడు మా పెద్దమ్మ అరటిపండ్లు తెచ్చింది.

"వద్దు పెద్దమ్మా, ఆకులే వెయ్యమన్నడు."

"ఊకోరా. హనుమంతుడు ఇంటి ముందలికొస్తె ఆకులేస్తవా? మేకనా?"

అందరూ నవ్వారు. బీచుపల్లి హనుమంతుడి గుడి దాకా పోలేనివాళ్లకు దేవుడు వీధిలోనే దొరికాడు. వరుస కట్టారు. నేను తాడు పట్టుకుని ఎంచుతూ నిలబడ్డాను. నలభై మూడు అరటిపండ్లు, పదకొండు లడ్డూలు. బెల్లం ముక్కలు లెక్కకు అందలేదు.

ఆదివారానికి దాని కడుపు డప్పులా ఉబ్బింది. వేసిన ఆకు ముట్టలేదు. సోమవారం పొద్దున చచ్చిపోయింది. చంపినవాళ్లే పసుపు పూసి, పూలు వేసి, డప్పులతో ఊరేగించి, ఆ వేపచెట్టు కిందే పూడ్చారు. పెద్దమ్మ వలవలా ఏడ్చింది. ఆ ఏడుపు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాయంత్రం ఆయన వచ్చి ఖాళీ తాడు చూశాడు.

"ఏం పెట్టిన్రు?"

ఒక్కటీ తప్పకుండా చెప్పాను.

"గింత మంచిగ లెక్క పెట్టినవు గదన్నా. జర ఒక్క చెయ్యన్న పట్టుకోకపోతివా?"

తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు.

పూడ్చినచోట గద్దె కట్టారు. ఆ వారం శనివారం దాని మీద అరటిపండ్లు పెట్టారు. పండ్ల కోసం కోతులు దిగాయి. మా పడుగులో నూట పన్నెండు పోగులు తెగాయి. ఆ పై శనివారం పెద్దమ్మ మళ్లీ పండ్లతో వస్తే చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"దేవుని నోటికాడిది గుంజుకుంటవారా?" అంది.

వీధిలో ఒక్కరూ నా పక్క నిలబడలేదు. ఆ పండ్లు తీసుకుపోయి మురికి కాలువలో పడేశాను. ఆరు.